పైపు పగిలాక జేబులోంచి కట్టాలా, క్లెయిమ్ వేయాలా?

కాలవలున్న ఊళ్లో గడ్డికి స్ప్రింక్లర్లు దేనికిరా అని మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. ఏప్రిల్, మే నెలల్లో కాలవలకి నీళ్లు కట్టేశాక, కడియం నుంచి తెచ్చి పరిచిన మెక్సికన్ లాన్ వారం తిరక్కుండా ఎండుగడ్డి రంగుకి వచ్చినప్పుడు మాత్రం ఎవరూ నవ్వరు. రావులపాలెం, అమలాపురం, భీమవరం వైపు కల్యాణ మండపాలకీ, దిండి రిసార్టులకీ, రాజమండ్రి చుట్టుపక్కల కాలేజీలకీ పన్నెండేళ్లుగా పాప్-అప్‌లు (నేలలోంచి పైకి లేచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు), వాల్వులు, టైమర్లు బిగిస్తున్నాను. పైపు పగలడం, కేబుల్ తెగడం, కూలీకి దెబ్బ తగలడం ఈ పనిలో ఉండేవే. ఆ డబ్బు ఎవరు కట్టాలన్న దగ్గరే అసలు తలనొప్పి.

తోటి కాంట్రాక్టర్లు ఫోన్ చేస్తే ముందడిగేది "ఇన్సూరెన్సుకి ఏ కంపెనీ మంచిదండీ?" అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. పోయింది ఎవరి సొమ్మన్నది మొదటిది. మన తరఫున కంపెనీతో మాట్లాడేది ఎవరన్నది రెండోది. ఈ రెండూ తేలితే క్లెయిమ్ వేయాలో వద్దో, వేస్తే ఎలా వేయాలో చాలావరకు తేలిపోతుంది.

ఒక్క మాటకి లక్షా నలభై వేలు

మూడేళ్ల కిందట మాఘమాసం, పెళ్లిళ్ల సీజన్. ఒక మండపంలో లాన్ పని పూర్తిచేసి అప్పగించి అప్పటికి నాలుగు నెలలైంది. తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోను. టైమర్ దాని వేళకి అది వాల్వు తెరిచింది. వేదిక వెనక రెండంగుళాల లైన్లో కప్లింగ్, అంటే రెండు పైపుల్ని కలిపే ముక్క, ఊడిపోయింది. నీళ్లు వేదిక కిందుగా పారి డెకరేషన్ వాళ్ల కార్పెట్లనీ, వరసగా పెట్టిన సౌండ్ బాక్సులనీ తడిపేశాయి. నేను వెళ్లేసరికి హాలు ఓనరు గారు లుంగీ ఎగ్గట్టి మోకాలి దాకా బురదలో నిలబడి ఉన్నారు.

"ఏవండీ, తొమ్మిదింటికి ముహూర్తమండీ. పెళ్లివారికి నేనేం చెప్పను?" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. "నా పనిలోనే తప్పు జరిగిందండీ, మొత్తం నేను కట్టేస్తాను" అన్నాను. అని ఊరుకున్నా బాగుండేది. ఆయన తెల్లకాగితం ఇస్తే అదే మాట రాసి సంతకం కూడా పెట్టాను.

నాకు పాలసీ ఉంది. క్లెయిమ్ వేశాను. కంపెనీ రెండు కారణాలు చూపించి తిప్పి పంపింది. వాళ్ల అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదని, డబ్బిస్తానని మాటివ్వకూడదని పాలసీలో షరతు ఉందట. పైగా నాది పని జరుగుతున్నంత కాలానికే వర్తించే పాలసీ, పనేమో అప్పగించేశాను. ఇందులో రెండోదే నన్ను ఎక్కువ కాల్చింది. "అన్నీ కవరవుతాయండీ" అన్న ఏజెంటు మాట నమ్మి పాలసీ కాగితం కవరులోంచి బయటికే తీయలేదు మరి.

లక్షా నలభై వేలు చేతినుంచి పెట్టుకున్నాను. అప్పటినుంచి ఇలాంటి చోట మాట మార్చాను. "ముందు నీళ్లు ఆపుదామండీ. తడిసినవన్నీ ఫోటోలు తీసి లిస్టు రాసుకుందాం. మా ఇన్సూరెన్సు వాళ్లకి మీ ఎదురుగానే ఫోన్ చేస్తున్నాను." మర్యాదకి మర్యాద ఉంది, ఒప్పుకోలు లేదు. మన వైపు పెద్దమనుషుల్లో కూర్చుని తేల్చుకోవడం అలవాటు, దాన్ని నేను తప్పు పట్టను. కాకపోతే కంపెనీకి చెప్పకముందే అక్కడ ఒక అంకెకి తలూపి వస్తే, ఆ అంకె మన జేబుకే రాసిపెట్టినట్టు.

పని మధ్యలో పగిలితే ఒక పాలసీ, అప్పగించాక పగిలితే ఇంకొకటి

మన పనికి పనికొచ్చేవి ప్రధానంగా రెండు. కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్, అంటే మనం సీఏఆర్ అనేది, ఒకటి. జనరల్ లయబిలిటీ పాలసీ ఇంకొకటి. రెంటికీ తేడా తెలియకుండా ప్రీమియం తక్కువని ఒకటి తీసుకునేవాళ్లే ఎక్కువ.

సీఏఆర్ ఒక సైటుకి, ఒక కాలానికి తీసుకునేది. సైటులో దించిన పైపులు, సగం బిగించిన లైన్లు, గాలివానకి పూడిపోయిన పైపుల గాడులు దీని కిందికి వస్తాయి. థర్డ్ పార్టీ భాగం కూడా కలుపుకుంటే పని జరిగేటప్పుడు ఎదుటివాళ్ల ఆస్తికి జరిగిన నష్టం కూడా వస్తుంది. పని అప్పగించగానే దీని కథ ముగుస్తుంది. మెయింటెనెన్స్ పీరియడ్ అని అదనంగా కొనుక్కుంటే కొన్నాళ్లు, అదీ పరిమితంగా, కొనసాగుతుంది. పెద్ద పని, ఐదారు లక్షలు దాటిన మెటీరియల్ సైటులో పడి ఉండే పని అయితే ఇది తీసుకోవాల్సిందే. కాలేజీలు, అపార్టుమెంటు బిల్డర్లు టెండర్లోనే అడుగుతారు.

లయబిలిటీ పాలసీ సైటుకి కాదు, మన వ్యాపారానికి. ఏడాది పొడుగునా ఎక్కడ పని చేసినా ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి ఉంటుంది. మన సొంత పైపులకి పైసా రాదు. దీన్లో చూసుకోవాల్సిన ముక్క "పూర్తయిన పనులు" కూడా కవరవుతాయా లేదా అని. నా కప్లింగ్ కేసుకి కావాల్సింది సరిగ్గా అదే. ఇంకో ముక్క కూడా ఉంది. నష్టం జరిగిన తేదీ పాలసీ కాలంలో ఉంటే చాలా, లేక ఎదుటివాళ్లు మనల్ని అడిగిన తేదీ కూడా ఆ కాలంలోనే ఉండాలా? రెండో రకమైతే రెన్యువల్‌లో గ్యాప్ రానివ్వకండి. పాత పనుల మీద వచ్చే క్లెయిమ్ ఆ సందులోంచే జారిపోతుంది.

నెలకి మూడు నాలుగు చిన్న లాన్లు చేసేవాళ్లకి నా ఓటు లయబిలిటీకే. సీఏఆర్ పెద్ద పని వచ్చినప్పుడు ఆ పనికే తీసుకుని, దాని ఖర్చు కొటేషన్లో కలుపుకోవచ్చు.

ఏ పాలసీ అయినా ఊడిన కప్లింగ్ ఖరీదు ఇవ్వదు. నాసిరకం సామాను, చేతకాని బిగింపు మన ఖర్చే. దానివల్ల తడిసిన కార్పెట్లు మాత్రం వేరే లెక్క. ఈ రెంటినీ ఒకే బిల్లులో కలిపి రాసి పంపితే సర్వేయరుకి, అంటే నష్టం లెక్కగట్టడానికి వచ్చే మనిషికి, మొత్తం బిల్లు మీదే అనుమానం వస్తుంది. విడదీసి రాయండి.

ఆ కప్లింగ్ ఇంకా నా దగ్గరే ఉంది. సాల్వెంట్ సిమెంటు సగం చుట్టే అంటుకుంది, మిగతా సగం కొత్త సామానులా తెల్లగా మెరుస్తోంది. ఆ రోజు గాడిలో నీళ్లుండగానే మా కుర్రాడు తడి పైపుకి సిమెంటు రాసి తోసేశాడన్నమాట. మన నేలలో రెండడుగులు తవ్వితే నీళ్లూరతాయి, ఇది ఎవరికైనా జరుగుతుంది. చెప్పొచ్చేదేమంటే, సర్వేయరు వచ్చేదాకా పగిలిన ముక్క పారేయకండి. గుడ్డతో తుడిచి, కవర్లో వేసి, తేదీ రాసి పెట్టండి. నీళ్లు ఆపడానికి, నష్టం పెరక్కుండా చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది మన బాధ్యత కూడా. మొత్తం కొత్తగా మార్చేసే ముందు మాత్రం ఫోటోలు, వీలైతే సర్వే, అయిపోవాలి.

కేబుల్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. గాడి తీసేటప్పుడు భూమిలో ఉన్న ఫోను కేబులో, కరెంటు కేబులో తెగితే చాలా పాలసీల్లో ఒక షరతు ఎదురవుతుంది. తవ్వే ముందే ఆ కేబుల్ ఎక్కడుందో సంబంధించిన వాళ్లని అడిగి తెలుసుకున్నట్టు రుజువుండాలి. నోటితో అడిగితే రుజువేది? సైటు ఇంజినీరుకి "రేపు జేసీబీ పెడుతున్నాం, లోపల లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించండి" అని ముందురోజు వాట్సాప్ పెట్టండి, చాలు.

ఎప్పుడు జేబులోంచి కట్టేయొచ్చు

ప్రతి పాలసీలో ఎక్సెస్ అని ఒకటి ఉంటుంది. ప్రతి క్లెయిములో మొదట అంత మనం భరించాలి. నష్టం పద్నాలుగు వేలు, ఎక్సెస్ పది వేలు అనుకోండి. చేతికొచ్చేది నాలుగు వేలు. దానికోసం సర్వేయరు చుట్టూ, బిల్లుల చుట్టూ తిరిగితే రెండు రోజుల పని పోతుంది. పైగా వచ్చే ఏడాది రెన్యువల్ ఫారంలో "గతంలో క్లెయిములు" అన్న గడిలో ఆ నాలుగు వేలు కూడా రాయాలి. నేనైతే ఎక్సెస్‌కి రెండింతలు దాటని నష్టం మనదైనప్పుడు క్లెయిమ్ జోలికి పోను. సామాను మోసే టాటా ఏస్ డోరు సొట్ట పడినా ఇదే పద్ధతి. సొంత డ్యామేజీకి ఒక్క క్లెయిమ్ వేసినా ఏటా పెరుగుతూ ఐదేళ్లకి 50 శాతం దాకా వచ్చే నో క్లెయిమ్ బోనస్ సున్నాకి వస్తుంది. ఆ లెక్క వేసుకున్నాకే గ్యారేజీకి పదండి.

ఎదుటివాళ్ల నష్టమైతే ఈ లెక్క పనిచేయదు. ఈరోజు ఐదు వేలంటారు, వారం పోయాక ఆంప్లిఫయర్ కూడా కాలిందంటారు. అప్పుడు కంపెనీకి చెబితే "ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు?" అంటారు. చిన్నదైనా సరే, ఎదుటివాళ్లదైతే ఆ రోజే ఒక మెయిల్ పడేయండి. సమాచారం ఇచ్చినంత మాత్రాన క్లెయిమ్ నడపాలనేమీ లేదు.

మనిషికి దెబ్బ తగిలితే అసలు ఆలోచించకండి. మోటారు స్టార్టరు దగ్గర మా కుర్రాడికి షాక్ కొట్టినప్పుడు ఆసుపత్రి మంచం పక్కనుంచే కంపెనీకి ఫోన్ చేశాను. పదిమంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలో నెలకి 21,000 లోపు జీతం వాళ్లకి ఈఎస్ఐ ఉండాలి, దెబ్బ తగిలితే చూసుకోవాల్సింది అదే. మనబోటి నలుగురైదుగురు కూలీలున్న వాళ్లకి వర్క్‌మెన్ పాలసీయే (పనిలో కూలీకి దెబ్బ తగిలితే పరిహారమిచ్చేది) దిక్కు. అందులో మనం రాసిచ్చిన మనుషుల సంఖ్య, కూలి మొత్తం నిజానికి దగ్గరగా ఉండాలి. మేస్త్రి తన తరఫున తెచ్చిన కూలీలు కూడా ఉంటే అది కూడా ముందే రాయించాలి. ఎందుకంటే వాళ్లకి దెబ్బ తగిలినా మీదికి వచ్చేది మనకే. పరిహారం వయసుని, కూలిని బట్టి లెక్కగడతారు కాబట్టి రోజూ హాజరు రాసే ఆ నూనె మరకల నోటు పుస్తకమే పెద్ద సాక్ష్యం. మనవాళ్లు దాన్ని ఏడాది తిరక్కుండానే పాత పేపర్లతో అమ్మేస్తారు.

మన తరఫున ఎవరు మాట్లాడతారు

ఏజెంటు మంచివాడే కావచ్చు, మన ఊరివాడే కావచ్చు. కానీ అతను కంపెనీ మనిషి. ఫారం తెచ్చిస్తాడు, ఎక్కడ సంతకం పెట్టాలో చెప్తాడు. సర్వేయరు అంచనా తగ్గించి వేస్తే మన పక్షాన కొట్లాడటం అతని పని కాదు. ఒకే కంపెనీ, మామూలు గోడౌను పాలసీ, నష్టం స్పష్టంగా కనిపిస్తున్న కేసు అయితే ఏజెంటు చాలు.

బ్రోకరు లైసెన్సు తీసుకున్నవాడు, అతను మన తరఫు. అతని కమీషన్ కంపెనీయే ఇస్తుంది. లయబిలిటీ క్లెయిములో ఏ మాట రాయాలో, ఏ మాట రాయకూడదో చెప్పేది ఇతనే. ఇబ్బందేమంటే, మన ఏడాది ప్రీమియం పాతిక వేలు కూడా ఉండకపోతే పెద్ద బ్రోకరు ఫోన్ ఎత్తడు. మా చుట్టుపక్కల నర్సరీల వాళ్లు, డ్రిప్ డీలర్లు, మనం నలుగురం కలిసి ఒకే బ్రోకరు దగ్గర పాలసీలు పెట్టుకున్నాకే మా ఫోన్‌కి విలువొచ్చింది. ఏ పాలసీకి ఆ పాలసీయే, బ్రోకరు మాత్రం ఒక్కడే. నేను ఇప్పుడు నడుస్తున్నది ఈ దారినే.

ఇంకో రకం మనుషులు ఉన్నారు. "క్లెయిమ్ ఇప్పిస్తాం, వచ్చిందాంట్లో వాటా ఇవ్వండి" అంటారు. కొందరైతే బిల్లులు కూడా తామే సృష్టిస్తామంటారు. ఒక్క దొంగ బిల్లు బయటపడితే నిజమైన నష్టం కూడా గాల్లో కలిసిపోతుంది. వీళ్లకి దూరం.

సొంతంగా చేసుకోవడం కూడా తక్కువదేం కాదు. నష్టం చిన్నదై, రాతకోతలు శుభ్రంగా ఉంటే అదే వేగం. జీఎస్టీ ఇన్వాయిసులు, స్టాకు రిజిస్టరు, ఫోటోలు, వర్కు ఆర్డరు, అప్పగించినట్టు సంతకం ఉన్న కాగితం, ఇవన్నీ సర్వేయరు వచ్చిన రోజే బల్ల మీద పెట్టగలిగితే ఎవరి సాయమూ అక్కర్లేదు.

వరద వచ్చినప్పుడు గోడౌను

2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఎగరేస్తారు. లంక ఊళ్ల పక్కనే గోడౌను ఉన్నవాళ్లకి ఆ వారం నిద్ర లేదు. పైపులు తేలిపోయి పక్కవాడి కొబ్బరితోటలో తేలాయి. టైమర్లు, సోలినాయిడ్ వాల్వులు అట్టపెట్టెలతో సహా బురదలో నానాయి.

గోడౌనుకి మన స్థాయిలో తీసుకోవాల్సింది భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ. ఒకేచోట మొత్తం ఆస్తి విలువ 5 కోట్ల లోపుంటే ఇదే వర్తిస్తుంది. తుఫాను, వరద ఇందులో ఉన్నాయి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పాత ఫైర్ పాలసీ కంటే ఇది నయం అనడానికి ఒక్క ఉదాహరణ చాలు. గోడౌనులో సరుకు 20 లక్షలుందనుకోండి, మీరు 17 లక్షలకే ఇన్సూరు చేశారు. తేడా 15 శాతం. అంతవరకు దీన్లో పట్టించుకోరు. అదే 10 లక్షలకే చేసి ఉంటే, 4 లక్షల నష్టం జరిగినా దాన్ని సగానికి కోసి 2 లక్షలు లెక్కగడతారు, అందులోంచి ఎక్సెస్ పోతుంది. ప్రీమియం మిగుల్చుకోవాలని విలువ తగ్గించి రాయడం మనవాళ్లకి బాగా అలవాటు. దానికి వడ్డీతో సహా కట్టేది వరద వచ్చిన రోజునే.

ఇది గోడౌను చిరునామాకే. సైటులో దించిన పైపుకీ, దారిలో ఉన్న సామానుకీ రాదు.

నీళ్లు తీసేశాక గోడలు కడిగేయాలని చేతులు ఉబలాటపడతాయి. ఆగండి. గోడ మీద బురద గీత ఎంత ఎత్తున ఉందో టేపు ఆనించి ఫోటో తీయండి. ఏ అరలో ఏముందో, ఏ అర దాకా నీళ్లొచ్చాయో దాన్నిబట్టే సర్వేయరు తేలుస్తాడు. స్టాకుకి కొన్న ధరే లెక్క, కస్టమర్‌కి వేసే ధర కాదు. కాబట్టి మార్జిన్ కలిపి రాసి చిన్నబుచ్చుకోకండి. పాలసీ మాత్రం జూన్‌కి ముందే చేతిలో ఉండాలి. హెచ్చరిక ఎగరేశాక పరిగెత్తితే ఏ కంపెనీ అయినా మొహం చాటేస్తుంది.

కాదన్నారు, ఇప్పుడెటు వెళ్లాలి

తిరస్కరిస్తే ముందు కాగితం మీద కారణం అడగండి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. దాంతోపాటే బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో పెట్టొచ్చు. 155255కి ఫోన్ చేసినా తీసుకుంటారు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ముందు రెండు దారులుంటాయి.

ఒకటి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే బీమా గొడవలు విని తీర్పిచ్చే అధికారి. మనకి హైదరాబాదు ఆఫీసు, యానాం కూడా దాని కిందే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, అసలు వకీలుని రానివ్వరు. 50 లక్షల దాకా వింటారు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. వ్యాపార పాలసీలకి ఇది ఉండదని కొందరు భయపెడతారు గానీ, సొంత పేరు మీద ప్రొప్రైటరుగా నడిపేవాళ్లకీ, మైక్రో సంస్థలకీ తలుపు తెరిచే ఉంది. ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థగా నమోదైనట్టు ప్రభుత్వమిచ్చే కాగితం) జత చేయండి. వాళ్లిచ్చిన తీర్పుకి కంపెనీ కట్టుబడాలి, మనం కట్టుబడాలని లేదు.

రెండోది వినియోగదారుల కమిషన్. కాకినాడ, రాజమండ్రి, ఏలూరుల్లో ఉన్నాయి. మనం ఉండే చోటే వేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే. గడువు రెండేళ్లు. చెల్లించిన ప్రీమియం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వ్యాపారం కోసం తీసుకున్న పాలసీ కాబట్టి నువ్వు వినియోగదారుడివే కాదని కంపెనీ వకీలు వాదిస్తాడు. ఆ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2023లో వీగిపోయింది. ఇన్సూరెన్సు తీసుకునేది నష్టం పూడ్చుకోవడానికే గానీ లాభం కోసం కాదని కోర్టు చెప్పింది.

కాగితాల్లోనే విషయమంతా ఉండి, అంకె దగ్గరే గొడవైతే నేను అంబుడ్స్‌మన్‌కే వెళ్తాను. సాక్షులు కావాలి, సర్వేయరుని నిలదీయాలి, జరిగిన వేధింపుకి పరిహారం అడగాలి అంటే కమిషన్. రెండు చోట్లా ఒకేసారి వేయకూడదు. కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. అందుకే ముందు అంబుడ్స్‌మన్, అక్కడ తేలకపోతే కమిషన్, అదీ రెండేళ్ల గడువు మీద ఒక కన్నేసి.

ఈలోపు కంపెనీ సగం డబ్బిచ్చి "పూర్తిగా ముట్టింది" అన్న వోచరు మీద సంతకం అడగొచ్చు. చేతిలో డబ్బు ఆడనప్పుడు తీసుకోక తప్పదు. తీసుకుంటే సంతకం పక్కనే "అభ్యంతరంతో, మిగతా మొత్తానికి హక్కు నిలుపుకుని తీసుకున్నాను" అని తెలుగులోనే రాయండి. రాశాక వోచరుకి ఫోటో తీసుకుని, అదే రోజు కంపెనీకి మెయిల్ చేయండి.